పెరటి బ్రోకలీ - విత్తనం మన చేతిలోనే

కేబేజీ, కాలిఫ్లవరు, నూల్‌కోల్ మన మార్కెట్లకు ఏనాడో పరిచయమైనవి. బ్రోకలీ కూడా ఆ కుటుంబములోనిదే. ఆకుపచ్చని పూమొగ్గల గుత్తి, దాని లేత కాడ మనము తినెడి భాగములు. దీని పుట్టిల్లు ఇటలీ. 'కలాబ్రీస్' అను పాత రకమునకు ఆ దేశములోని కలాబ్రియా ప్రాంతము పేరే వచ్చినది. 'డి సిక్కో' అనునది మరియొక పాత రకము.

గౌలిపుర, లాల్ దర్వాజా, షాలిబండ వంటి పాతబస్తీ పేటలలో పెరళ్లు తక్కువ, మిద్దెలు ఎక్కువ. మిద్దెపై రోజుకు 6 గంటల ఎండ పడు చోటు ఉన్నచో ఈ పైరు వేయవచ్చును.

పాత రకమే ఎందుకు?

సంకర రకము గడ్డ పెద్దది, ఒకే తీరుగా వచ్చును. కాని దాని గింజ తీసి విత్తిన తల్లి గుణము నిలువదు. ఏటేటా విత్తనము కొనవలెను. పాత రకము గడ్డ చిన్నదైనను, దానిని కోసిన పిమ్మట పక్క కొమ్మలు వారాల తరబడి కూరకు అందును. విత్తనము మీ ఇంటిలోనే ఉండును.

నారు, నాటుట

బ్రోకలీ చలి పైరు. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులే దీనికి అనుకూలము. గడ్డ ఆ నెలలలో కట్టవలెనన్న సెప్టెంబరు చివరి నుండి అక్టోబరు నడుమ వరకు నారు పోయవలెను. ఆలస్యమైనచో ఫిబ్రవరి ఎండకు మొగ్గలు విడిపోయి గడ్డ వదులగును.

గింజను అర అంగుళము లోతులో విత్తి, తడి ఆరకుండ చూడవలెను. నీరు నిలిచిన నారు కుళ్లును. 4, 5 వారములకు, 4 లేక 5 ఆకులు వచ్చినపుడు, సాయంకాలము నాటవలెను. అడుగు వెడల్పు, అడుగు లోతు గల కుండీకి ఒక మొక్క చాలును. ఎర్రమట్టి 2 పాళ్లు, బాగుగా మాగిన పశువుల ఎరువు 1 పాలు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. నేలలోనైతే మొక్కకు మొక్కకు ఒకటిన్నర అడుగు ఎడముంచవలెను.

పురుగులు

డైమండ్ రెక్కల పురుగు ఆకులను జల్లెడ చేయును. ఆకు అడుగు భాగమును రోజూ చూచి, పురుగులను ఏరివేయండి. చుట్టును కొన్ని ఆవ మొక్కలు పెంచినచో పురుగు చాలవరకు వాటిపైకి మళ్లును. పేనుబంకకు, చిన్న పురుగులకు 5 శాతము వేపగింజల కషాయము చల్లవలెను.

కోత

మొగ్గలు గట్టిగా, పచ్చగా ఉండగనే 4 నుండి 6 అంగుళముల కాడతో ఉదయము కోయవలెను. పసుపు రంగు తొంగిచూచిన పిమ్మట రుచి తగ్గును.

విత్తనము కట్టుట

ఇచ్చట చాలమంది పొరపడుదురు. బ్రోకలీ మొక్క పుప్పొడి అదే మొక్క పూవుకు సాధారణముగా పనికిరాదు. ఒంటరి మొక్క ఎంత పూసినను గింజ దాదాపు కట్టదు. తేనెటీగలు వేరొక మొక్క పుప్పొడి తేవలెను. జాతి బలము తగ్గకుండుటకు కనీసము 10 మొక్కలైనను ఉండుట మేలు. ఒక మిద్దెపై అన్ని కుండీలు పెట్టుట కష్టము. కనుక పక్కపక్కనున్న 5 ఇండ్లవారు ఒకే రకము తెచ్చుకొని, ఇంటికి 2 మంచి మొక్కలు కోయక విత్తనమునకు వదలవలెను.

ఆ సమయమున దగ్గరలో కేబేజీ, కాలిఫ్లవరు, నూల్‌కోల్, వేరొక రకపు బ్రోకలీ పూతకు రానీయరాదు. ఇవి అన్నియు ఒకదానితో ఒకటి కలియును. పొరుగువారితో ముందే మాట్లాడుకొనండి.

కాయలు గోధుమ రంగుకు తిరిగినపుడు కొమ్మలు కోసి, నీడన ఆరబెట్టి, నలిచి చెరుగవలెను. బాగుగా ఎండిన గింజను బిగుతు మూత గల సీసాలో పోసి, రకము పేరు, సంవత్సరము వ్రాసి, చల్లని చోట ఉంచండి. ఇట్లు దాచిన విత్తనము 3 ఏండ్లు మొలకెత్తును. రేకుల కప్పు క్రింద ఉంచిన ఒక్క వేసవిలోనే చెడవచ్చును.

విత్తనమును 5 ఇండ్లలోను పంచి దాచవలెను. ఒక ఇంట చెడినను, మరియొక ఇంట మిగులును.