ఎంబీబీఎస్ సీటు రాకపోతేనే మైక్రోబయాలజీయా?

‘నీట్‌లో ర్యాంకు రాలేదండీ, అందుకే మైక్రోబయాలజీలో పడేశాం’ అని పిల్లల ముందే చెప్పే తల్లిదండ్రులు నాకు ఏటా తారసపడుతూనే ఉంటారు. ముందు ఆ మాట మానండి. రోగిని పీడిస్తున్న బ్యాక్టీరియా ఏదో తేల్చేది ఈ చదువే.

ఆ తేల్చడం అంత తేలిక కాదు. ప్రోటియస్ మిరాబిలిస్, ప్రోటియస్ వల్గారిస్ అనే బ్యాక్టీరియాలు రెండూ కల్చర్ ప్లేటు మీద ఒకేలా అలలుగా పాకుతాయి. యూరియేజ్ పరీక్షలో రెండూ పాజిటివే. తేడా ఇండోల్ పరీక్షలో బయటపడుతుంది. కోవాక్స్ రీయేజెంట్ వేయగానే వల్గారిస్ ట్యూబులో ఎర్రటి వలయం కనిపిస్తుంది, మిరాబిలిస్‌లో కనిపించదు. వల్గారిస్ సహజంగానే ఆంపిసిలిన్‌కు లొంగదు. మిరాబిలిస్‌కు ఆ సహజ నిరోధకత లేదు. వలయాన్ని తప్పుగా చదివితే రిపోర్టు తప్పుతుంది, మందూ తప్పవచ్చు.

‘ఇప్పుడన్నీ మెషీన్లే చేస్తున్నాయిగా!’ అంటారు. మాల్డి-టాఫ్ యంత్రం నిమిషాల్లో పేరు చెప్పేస్తుంది, నిజమే. కానీ ఈ-కొలై, షిగెల్లా మరీ దగ్గరి చుట్టాలు కావడంతో అక్కడ అదీ తడబడుతుంది. అప్పుడు లాక్టోజ్, చలనం, లైసిన్ పరీక్షలు పెట్టి ఫలితాలన్నీ కలిపి చదవాల్సింది మనిషే.

ఇంటర్ బైపీసీతో బీఎస్సీ మైక్రోబయాలజీలో గానీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ)లో గానీ చేరవచ్చు. ఆసుపత్రి ల్యాబ్ ఇష్టమైతే ఎంఎల్‌టీ మేలంటాను. మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ వైపు వెళ్లాలనుకుంటే మైక్రోబయాలజీ చదివి, ఎమ్మెస్సీ కూడా చేయండి.

ఇక ఉచ్చుల సంగతి. పిల్లవాడు వద్దంటున్నా మూడోసారి లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపడం మొదటిది. ఆ ఫీజుతో డిగ్రీ చాలావరకు గడిచిపోతుంది. పోయిన ఏడాది, దెబ్బతిన్న ధైర్యం మాత్రం తిరిగిరావు. ‘వారంలో బయోటెక్ శిక్షణ, ఉద్యోగం గ్యారంటీ’ అంటూ వేలకు వేలు గుంజే సర్టిఫికెట్ కోర్సులు రెండోది. లూప్ పట్టడం, కల్చర్ కలుషితం కాకుండా చూసుకోవడం వారంలో అబ్బే విద్యలు కావు. మూడోది ఎమ్మెస్సీ ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కోవడం. ఇంటర్వ్యూలో ‘కంట్రోల్ ట్యూబు ఎందుకు పెట్టావు?’ అని అడిగితే ఆ బైండింగ్ పుస్తకం నోరు విప్పదు.

కాలేజీలో చేరేముందు భవనం కాదు, ల్యాబ్ చూడండి. ‘ఇక్కడ ఇండోల్ వంటి ఇమ్విక్ పరీక్షలు ప్రతి విద్యార్థీ సొంతంగా చేస్తారా, లేక డెమో చూసి రికార్డు రాసుకుంటారా?’ అని అడగండి. జవాబు చెప్పడానికి నసిగితే ఇంకో కాలేజీ వెతుక్కోండి.