పట్టికలో లేని గడి

తెనాలి

అమ్మలూ,

తిరిగి రావాలా, అక్కడే ఉండిపోవాలా అని తేల్చుకోవడానికి నువ్వు వేసి పంపిన పట్టిక చూశాను. ఎడమవైపు ఇండియా, కుడివైపు అమెరికా, పది గళ్లు, గడికి పది మార్కులు. బ్యాంకులో లెడ్జర్లు రాసి రిటైరైనదాన్ని కదా, ముందు కూడిక సరిచూశాను. తప్పేం లేదు, అమెరికానే నెగ్గింది. 2025లో ఐక్యరాజ్యసమితి వెలువరించిన మానవాభివృద్ధి సూచీలోనూ అమెరికాది 17వ స్థానం, మనది 130. దీనికోసం నువ్వు రాత్రంతా ఎక్సెల్ ముందు కూర్చోనక్కర్లేదు.

అయినా నువ్వొచ్చేది ఇండియాకు కాదే. వస్తే మీ అత్తగారి బాపట్లకో, మీ అమ్మ దగ్గరికి రేపల్లెకో, కాదంటే నా దగ్గరికో. ఈ మూడూ ఒకటేనా? బాపట్లలో మీ ఆయన చదివిన వ్యవసాయ కళాశాల ఉంది. మనం రోజూ వండుకునే సాంబమసూరి, అదే బీపీటీ 5204, ఆ ఊరి వంగడమే. బీపీటీ అంటే బాపట్లేగా! విత్తనాల పని తెలిసినవాడికి అక్కడ మాట్లాడుకోను మనుషులుంటారు. రేపల్లెలో రైలు పట్టాలే ఆగిపోతాయి. మీ అమ్మకు అర్ధరాత్రి ఆయాసం వస్తే కారు మాట్లాడుకుని తెనాలికో గుంటూరుకో పరుగెత్తాలి. నాకు డాక్టరు వీధి చివరే. కాకపోతే ఆంధ్రా ప్యారిస్ అని గొప్పలు చెప్పుకునే ఈ ఊళ్లో కాలవ గట్టున నడవాలంటే ముక్కు మూసుకోవాలి.

అమెరికా సంగతీ అంతే. మీ అన్నయ్య దగ్గర న్యూజెర్సీలో ఆర్నెల్లున్నాను కదా. మీ వదిన రాత్రి పదకొండింటికి ఒక్కతే కారేసుకుని ఇంటికొచ్చేది. ఎక్కడికెళ్లావని అడిగినవాళ్లు లేరు. ఆ వయసులో నేను సెకండ్ షో చూడాలంటే మీ పెదనాన్న తోడుండాల్సిందే. కుళ్లుకున్నాననే అనుకో. డ్రైవింగ్ రాని నేను మాత్రం అదే ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని, పోస్టు బండి ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. ఒకే ఇల్లు, ఒకే దేశం. దానికి తను ఎన్ని మార్కులేస్తుంది, నేనెన్ని వేస్తాను?

మెట్ల మీద మంచుకు జారిపడ్డప్పుడు అక్కడి ఎమర్జెన్సీలో ముందు మోకాలు చూశారు, డబ్బు మాటెత్తలేదు. 1986 నుంచి అక్కడ చట్టమే అలా ఉందట. తర్వాత మూడు నెలలపాటు బిల్లులు ఒక్కొక్కటే ఇంటికొచ్చాయి. ఇక్కడికొచ్చాక అదే మోకాలికి ఒక ఆసుపత్రికెళితే, అడ్వాన్సు కట్టిన రసీదు చూపించేదాకా నర్సు నా వంక చూడలేదు. ఏది మేలో నన్నడక్కు.

నీ పట్టికలో వీసా గడి లేదేం? ఆ 17వ స్థానం లెక్కలో వీసా ఉండదమ్మా. నీకు ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి చూసుకోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. ఉద్యోగం మీదొచ్చే గ్రీన్‌కార్డు చూద్దామంటే ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా ఏటా మామూలుగా 7 శాతానికి మించవు, మనవాళ్ల వరస చూస్తే కొండవీటి చాంతాడు. పక్కింటి అమెరికా పిల్లకు ఈ బెంగ లేదు. నువ్వు మాత్రం జీతం గడిలో తొమ్మిదేసి, నిద్ర గడి మర్చిపోయావు.

ఇవన్నీ చూసి వచ్చేయమంటున్నానని అనుకోకు. ఓసారి వచ్చి ఉండి చూడు. సంక్రాంతికి మాత్రం రావద్దు. అప్పుడు ఊరంతా పట్టుచీరే. మేలో రా. బాపట్లలో ఓ నెల, ఇక్కడో నెల ఉండు. పిల్లాణ్ణి సూర్యలంక తీసుకెళ్లు, ఆ ఉప్పగాలికి వాడి ఒంటి మీద పొక్కులు లేస్తే ఎవరు మందు రాస్తారో చూడు. కారు పెట్టుకోకు, బస్సులో తిరుగు. మున్సిపల్ ఆఫీసులో మీ ఇంటి పన్ను పేరు మార్పు పని నువ్వే వెళ్లి చేయించుకో, బాబాయిని పంపకు. ఆ తర్వాత పట్టిక మళ్లీ రాయి.

వచ్చేటప్పుడు చాక్లెట్లు మోసుకురాకు. అక్కడ కొన్న మోకాలి పట్టీ ఇంకోటి తెచ్చిపెట్టు. ఇక్కడ దొరికేది రెండు వారాలకే సాగిపోతోంది.

మీ పెద్దమ్మ