వడగాడ్పులు – వృద్ధ కర్షకులు

యాసంగి వరి కోతకు వచ్చుట, ధాన్యము కొనుగోలు కేంద్రమునకు చేరుట, ఎండలు ముదురుట, ఈ మూడును మన కథలాపూరు ప్రాంతమున ఒక్క కాలముననే జరుగును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల యువకులు పెక్కండ్రు బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోయియున్నారు. అట్టి యిండ్లలో ఆరబోసిన ధాన్యమునొద్ద పగలెల్ల కాపలా యుండువారు ముసలి తలిదండ్రులే. కావున ఈ నెల వారిని గూర్చి వ్రాయుచున్నాము.

ఎండలు మాకు క్రొత్తవా యని పెద్దలు అడుగుదురు. అడుగదగినదే. అయినను 1901 మొదలు 2018 వఱకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత ఇంచుమించు 0.7 డిగ్రీలు పెరిగినదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. బొగ్గు, పెట్రోలు మున్నగువానిని కాల్చుటచే గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువు భూమి వేడిని వెలికి పోనీయక పట్టియుంచుట ఇందులకు ముఖ్యకారణము. ఈ పెరుగుదల స్వల్పముగా దోచును గాని, సగటు కొంచెము హెచ్చినను తీవ్రమైన వడగాడ్పుల దినములు మిక్కిలి హెచ్చును. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కలిపి 1,500 మందికి పైగా వడదెబ్బచే మరణించిరి. చల్లని దేశమగు ఫ్రాన్సులో సైతము 2003 వేసవిని సుమారు 15,000 మంది అసువులు బాసిరి. వారిలో అత్యధికులు 75 ఏండ్లు దాటినవారు.

వయసు మీఱినకొలది చెమట పట్టుట తగ్గును. రక్తమును చర్మమునకు పంపి వేడిని వెలికి త్రోయుటకు గుండెకు వెనుకటి సత్తువ యుండదు. అన్నిటికంటె మోసకరమైనది దాహము. ఒంటిలో నీరు తఱుగుచున్నను ముసలివారికి అది తెలియదు. "నాకు దప్పి లేదు బిడ్డా" యని తాత చెప్పుమాట అబద్ధము కాదు. ఆ మాట నమ్మి ఊరకుండుటయే ప్రమాదము. అడుగకయే గంటకొకమాఱు నీరో, మజ్జిగయో, అంబలియో చేతికీయవలెను. నీరసించినవారికి లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి త్రాగింపవచ్చును. గుండె, మూత్రపిండములు, చక్కెర జబ్బులు గలవారును, రక్తపోటునకు మాత్రలు వాడువారును వేసవికి ముందే వైద్యుని సలహా పొందవలెను. మాత్రలను తమంతట మానరాదు.

గూనపెంకుల యిండ్లు పోయి స్లాబుటిండ్లు వచ్చినవి. పగలు కాగిన స్లాబు రాత్రియెల్ల వేడిని దింపుచుండును. పగలు అలసిన ముసలిదేహమునకు రాత్రియు విశ్రాంతి దొరకదు. స్లాబుమీద తెల్లని సున్నము పూసినచో కొంత మేలు కలుగును. గాలి వేడి 40 డిగ్రీలు దాటినపుడు పంకా వేడిగాలినే కొట్టును గనుక, ఒంటిని తడిబట్టతో తుడుచుట మంచిది.

మాట తడబడుట, తికమక పడుట, ఒళ్లు నిప్పువలె కాలుట, సొమ్మసిల్లుట కనుపించినచో అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతయు తడిపి విసరుచు 108కి కబురంపవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

ఇక సంఘములవారికొక మాట. కొనుగోలు కేంద్రమున పందిరి, త్రాగునీరు ఏర్పరచుట పెద్ద ఖర్చు కాదు. ముసలివారి ధాన్యమును ఉదయము పది గంటలలోపల తూచి పంపిన యెడల వారు మధ్యాహ్నపు టెండకు చిక్కరు. వరుస తప్పినదని ఎవరైన గొణిగినను గొణుగనిండు.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబమునకు నాలుగు లక్షల రూపాయల సాయము నిర్ణయించినది. వృద్ధులు మరణించినపుడు "వయసైనది, పోయినాడు" అని దహనము చేసి ఊరకుండుట మన యూళ్ల వాడుక. ఎండదెబ్బయని అనుమానము గలిగిన యెడల అంత్యక్రియలకు ముందే తహసీలుదారు కార్యాలయమునకును, ప్రభుత్వ వైద్యునికిని తెలియజేసి కారణమును వ్రాయింపవలెను.