ఉయ్యాల నుంచి కాలేజీ దాకా: మన పిల్లల తెలుగు

"మా వాడికి అన్నీ అర్థమవుతాయండీ, కానీ నోరు విప్పి ఒక్క ముక్క మాట్లాడడు." ఏటా పిల్లల్ని చేర్చుకునే రోజుల్లో మేము తరచుగా వినే మాట ఇది. పిల్లలు ఎదిగేకొద్దీ భాష వాళ్ళలో ఎలా పెరుగుతుందో, ఎక్కడ జారిపోతుందో తెలిస్తే ఈ సమస్యను ఎదుర్కోవడం కొంత తేలికవుతుంది. అందుకే బడిలో మేము చూసిన విషయాలను, పరిశోధకులు తేల్చిన విషయాలను కలిపి ఇక్కడ వయసుల వారీగా రాస్తున్నాము.

మొదటి ఏడాది

బిడ్డ తల్లి కడుపులో ఉండగానే వినడం మొదలుపెడుతుంది. పుట్టిన కొద్ది రోజులకే తల్లి గొంతును గుర్తుపడుతుంది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు 1984లో ఒక చక్కని పరిశోధన ప్రచురించారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకు హిందీలోని 'త', 'ట' శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో చాలామంది ఆ తేడా పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. మన తెలుగుకు 'త', 'ట'ల తేడా ప్రాణం. కాబట్టి "పాపకు మాటలు వచ్చాక తెలుగు మొదలుపెడదాంలే" అనుకోకండి.

మరి టీవీలో తెలుగు కార్యక్రమాలు పెడితే సరిపోదా? సియాటిల్‌లో ప్యాట్రిషియా కూల్ బృందం 2003లో దీనికి జవాబు చెప్పింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలతో చైనా భాష మాట్లాడేవారు ఎదురుగా కూర్చుని, పుస్తకాలు చదివి, ఆడించారు. ఆ పిల్లలకు ఆ భాష శబ్దాల తేడాలు తెలిశాయి. అవే పాఠాలు వీడియోలో చూసిన పిల్లలకు తెలియలేదు. పసివాళ్ళకు ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాట్లాడే మనిషి కావాలి.

ఒకటి నుంచి ఐదేళ్ళు

ఏడాది నిండే సమయానికి తొలి మాట, రెండేళ్ళకు "తాతా రా", "పాలు కావాలి" వంటి జంట మాటలు వస్తాయి. ఒక్కో భాషలో మన పిల్లలకు మాటలు తక్కువగా అనిపించవచ్చు. రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యమవుతాయన్నది అపోహ. రెండేళ్ళు దాటినా ఏ భాషలోనూ రెండు మాటలు కలపకపోతే డాక్టరుకు చూపించండి. అంతేకాని, తెలుగు మానెయ్యకండి.

పిల్లలు "తాతయ్య వచ్చింది" అంటే నవ్వకండి. "అవునమ్మా, తాతయ్య వచ్చారు" అని సరైన మాట వినిపిస్తే చాలు.

ఐదు నుంచి పదకొండేళ్ళు

తెలుగు జారిపోయేది ఎక్కువగా ఇక్కడే. బడిలో చేరగానే స్నేహితులు, ఆటలు, చదువు అన్నీ ఇంగ్లీషులోనే. మూడు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య కొరియా నుంచి ఫ్రాన్సుకు దత్తత వెళ్ళి, పెద్దవాళ్ళైన కొందరిని పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. కొరియన్ వాక్యాలు వింటే అది తాము ఒకప్పుడు మాట్లాడిన భాష అని కూడా వారు గుర్తుపట్టలేకపోయారు. ఎనిమిదేళ్ళకు వచ్చిన భాష కూడా వినకపోతే నిలవదన్నమాట.

మన పిల్లలు ఇంట్లో వింటూనే ఉన్నారు కదా! ఆ వినడం వృథా కాదు. లాస్ ఏంజెలెస్‌లో చిన్నప్పుడు స్పానిష్ విని ఊరుకున్నవారు కాలేజీలో ఆ భాష నేర్చుకున్నప్పుడు, వారి ఉచ్చారణ మిగతావారి కంటే బాగుందని 2002లో తేలింది. అయితే వ్యాకరణంలో మాత్రం వారు మిగతావారి కంటే ముందు లేరు. వినడం చెవిని నిలబెడుతుంది. వాక్యం రావాలంటే నోరు కదలాలి. ఇంగ్లీషులో జవాబిస్తే కోప్పడకుండా, అదే మాట తెలుగులో చెప్పించండి.

పన్నెండు నుంచి పద్ధెనిమిదేళ్ళు

నలుగురిలో వేరుగా కనబడకూడదని పిల్లలు తపించే వయసు ఇది. అతిథుల ముందు నిలబెట్టి "ఒక పద్యం చెప్పు" అంటే సిగ్గుతో మరింత ముడుచుకుపోతారు. యాసను వెక్కిరిస్తే అసలు మాట్లాడటమే మానేస్తారు. వాళ్ళకు బాధ్యత ఇవ్వండి. మా బడిలో పెద్ద పిల్లలకు చిన్న తరగతి అప్పగిస్తే, "ఒత్తులు ఎలా చెప్పాలి?" అని వాళ్ళే వచ్చి అడుగుతున్నారు.

ఆ తరువాత

మెదడులో ఆలోచనకు, నిర్ణయాలకు సంబంధించిన భాగం ఇరవై అయిదేళ్ళ ప్రాంతం వరకు ఎదుగుతూనే ఉంటుంది. "మేము ఎవరం?" అన్న ప్రశ్న కూడా ఆ వయసులోనే గట్టిగా వస్తుంది. అప్పుడు తెలుగు వైపు తిరిగి వచ్చేవారికి చిన్ననాడు విన్న తెలుగే పెట్టుబడి.

తల్లిదండ్రులకు మా మనవి

బడిలో మేము ఇచ్చేది వారానికి రెండు గంటలే. మిగతాది మీ ఇంట్లోనే ఉంది. రోజూ ఒక పూట భోజనం తెలుగులో సాగనివ్వండి. అమ్మమ్మతో వీడియో కాల్‌లో పిల్లల తరఫున మీరు జవాబులు చెప్పకండి. వాళ్ళు తడుముకున్నా సరే, కాస్త ఆగండి. అవతల అమ్మమ్మకు తొందరేమీ లేదు.