చంద్రగిరి కోట చెప్పే సాక్ష్యం



సెలవులు వచ్చాయంటే మన విచారణల్లో యువజనులు, జ్ఞానోపదేశం పిల్లలు, భక్తసంఘాల వారు బస్సు మాట్లాడుకుని యాత్రలకు బయలుదేరుతారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వారికి చంద్రగిరి కోట ఇందుకు అనువైన చోటు. తిరుపతికి సుమారు 12 కిలోమీటర్ల దూరం. 2022లో జిల్లాల విభజన జరిగాక అది తిరుపతి జిల్లాలో చేరింది. చాలామంది రాజమహలు ముందు ఫోటో దిగి, తెచ్చుకున్న పులిహోర తిని తిరిగి వస్తారు. గైడు చెప్పిన మాటలను కొందరు బస్సు ఎక్కేలోపే మరచిపోతారు. మరికొందరు అంతా నిజమేనని నమ్మి పదిమందికి చెబుతారు. ఈ రెండూ కాక మూడో పద్ధతి ఒకటి ఉన్నది. ఈ వారం మన పాఠం దాని గురించే.

మన దేశపు తర్కశాస్త్రం సత్యాన్ని తెలుసుకునే సాధనాలను ప్రమాణాలు అంటుంది. వాటిలో ముఖ్యమైనవి మూడు. కంటితో చూసి తెలుసుకున్నది ప్రత్యక్షం. చూసినదాన్ని ఆధారం చేసుకుని, చూడనిదాన్ని తేల్చుకోవడం అనుమానం. ఇక్కడ ఈ మాటకు సందేహం అని అర్థం కాదు. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పు ఉన్నదని గ్రహించడం లాంటిది. నమ్మదగినవారు చెప్పగా తెలిసినది శబ్దం. ఈ మూడింటినీ వెంటబెట్టుకుని కోటలోకి వెళదాం.

కంటికి కనిపించేది

ముందుగా మాట్లాడకుండా చూడండి. వెనుక ఎత్తయిన రాతికొండ. దాని మీద పైకోట శిథిలాలు. కింద పెద్ద పెద్ద బండరాళ్లతో కట్టిన ప్రాకారం, కూలిన గుళ్లు, కోనేరు. వీటి నడుమ రెండు భవనాలు నిలిచి ఉన్నాయి. మూడంతస్తులది రాజమహలు, రెండంతస్తులది రాణీమహలు. రాయి, ఇటుక, సున్నంతో కట్టిన కట్టడాలివి. రాజమహలు కప్పుకు కలప వాడలేదని చెబుతారు. పిల్లలను తల పైకెత్తి చూడమనండి. దూలాలు లేకుండా కమానుల మీద బరువు ఎలా నిలిచిందో వారే కనిపెడతారు. కింద కమానులు తురకల కట్టడాలను తలపిస్తాయి, పైన శిఖరాలు మన గోపురాలను తలపిస్తాయి. సుల్తానులతో యుద్ధాలు చేసిన రాజులే వారి పనితనాన్ని నేర్చుకున్నారని ఆ గోడలు చెబుతున్నాయి.

ఊహించి తేల్చుకునేది

ఇక్కడే జాగ్రత్త అవసరం. రాజమహలులో భారత పురావస్తు శాఖ వారి మ్యూజియం ఉన్నది. అందులోని శిల్పాలన్నీ చంద్రగిరివే అనుకుంటే పొరపాటు. గండికోట, గుర్రంకొండ వంటి చోట్ల దొరికినవి కూడా అక్కడ ఉంచారు. అలాగే రాణీమహలు అన్న పేరును బట్టి అందులో రాణులు ఉండేవారని అనుకుంటాం. కింది అంతస్తు గుర్రపుశాలగా ఉండేదన్న అభిప్రాయం కూడా ఉన్నది. పేరు తరువాతి కాలంలో వచ్చి ఉండవచ్చు. బోర్డు మీద పేరు ఉన్నంత మాత్రాన అది రుజువు కాదు.

చెప్పగా వినేది

గైడు చెప్పే మాట శబ్దం. దాన్ని తీసిపారేయకూడదు. మన తల్లిదండ్రులు ఎవరో కూడా ఇతరుల మాట మీదే మనం నమ్ముతున్నామని పునీత అగుస్తీను గారు తమ ఆత్మకథలో గుర్తు చేస్తారు. సాక్ష్యాన్ని నమ్మకుండా ఎవరమూ ఒక్కరోజు కూడా బతకలేం. అయితే చెప్పినవారికి ఎలా తెలిసిందని మర్యాదగా అడగడం మన బాధ్యత.

ఒక కథ ఉన్నది. తిరుమలలో నైవేద్యం గంట మోగగానే దారి పొడవునా మండపాల్లో గంటలు వరుసగా మోగేవట. ఆ మోత చంద్రగిరికి చేరాకే రాజు భోజనానికి కూర్చునేవాడట. ఇది జనం నోట నిలిచిన కథ. ఆ రాజులకు తిరుమల మీద ఉన్న భక్తిని అది చక్కగా చెబుతుంది. కథను కథగా వినాలి, ఆనందించాలి.

మరొకటి చూడండి. మద్రాసులో కోట కట్టుకోవడానికి ఇంగ్లీషు వారికి శ్రీరంగరాయలు ఈ రాజమహలులోనే అనుమతి ఇచ్చాడని చెబుతుంటారు. కాగితాలు చెప్పేది కొంచెం వేరు. 1639లో ఆ అనుమతి ఇచ్చినది దామెర్ల వేంకటాద్రి నాయకుడు. అప్పటి రాజు మూడవ వేంకటపతి రాయలు. శ్రీరంగరాయలు 1642లో గద్దెనెక్కి, 1645లో ఆ హక్కులను స్థిరపరిచాడు. జరిగినదే, కాని మనిషీ తేదీ కలగాపులగం అయ్యాయి. చాలా కథల్లో ఇలాగే జరుగుతుంది.

మన సొంత కథ

ఇంతవరకు ఇతరుల కథలను పరీక్షించాం. అది సులువు. ఇప్పుడు మన కథను అదే త్రాసులో తూచాలి.

1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిన తరువాత విజయనగర రాజులు పెనుకొండకు, ఆ తరువాత చంద్రగిరికి రాజధానిని మార్చారు. 1586 నుండి 1614 వరకు పాలించిన రెండవ వేంకటపతి దేవరాయల కొలువుకు 1598లో మైలాపూరులోని శాంతోము నుండి యేసుసభ గురువు సిమావో ద సా వచ్చారు. రాజు ఆదరించాడు, దేవాలయం కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. ఆ తరువాత ఫ్రాన్సిస్కో రిచ్చియో మొదలైన గురువులు వచ్చి ఇక్కడ నివసించి తెలుగు నేర్చుకోవడానికి పూనుకున్నారు. రాజుకు చిత్రాలంటే ఇష్టమని తెలిసి, చిత్రకారుడైన బ్రదర్ అలెగ్జాండర్ ఫ్రే అనే ఆంగ్లేయుడిని కూడా పంపారు. గురువులు రాసిన ఉత్తరాలు ఐరోపాలో అచ్చయ్యాయి కనుకనే ఈ సంగతులు మనకు తెలిశాయి.

మన పిల్లలను బడిలో "మీది దొరల మతం" అని ఎవరైనా అంటే వారి మనసు చిన్నబోతుంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1600 డిసెంబరు 31న పుట్టింది. దానికి రెండేళ్ల ముందే చంద్రగిరి కొలువులో క్రీస్తు మాట వినిపించింది. పిల్లలకు ఇది తప్పక చెప్పాలి.

కాని ఇక్కడే ఆగిపోతే అది సగం సత్యం. మిగతా సగం కూడా చెప్పాలి. రాజు క్రైస్తవుడు కాలేదు. తన విష్ణుభక్తిని వదలలేదు. గురువుల మాటలు విన్నాడు, చిత్రాలు చూశాడు, గౌరవించాడు, అంతే. సముద్రతీరంలో బలంగా ఉన్న పోర్చుగీసు వారి స్నేహం ఆయనకు అవసరం. గురువులు వచ్చినది కూడా ఆ పోర్చుగీసు వారి నీడలోనే. రాజధాని వేలూరుకు మారింది, 1614లో రాజు మరణించాడు, వారసుల కోసం అంతర్యుద్ధం రేగింది. ఆ వేదప్రచారం ఇరవై ఏళ్లు కూడా నిలవలేదు. మరో శతాబ్దం తిరిగాక, 1700 తరువాతి తొలి ఏళ్లలో, ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరు ప్రాంతంలో మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది.

ఏ కూలిన గోడనైనా చూపి "ఇదే మన పాత గుడి" అని చెప్పాలన్న ఆశ మనకూ కలుగుతుంది. "రాజు రహస్యంగా జ్ఞానస్నానం పొందాడట" అని ఎవరో ఒకరు కలుపుతారు. అలా కలిపితే అది భక్తి కాదు. అబద్ధ సాక్ష్యం చెప్పరాదన్న ఎనిమిదవ ఆజ్ఞ దేవునికి అనుకూలంగా చెప్పే అబద్ధానికి కూడా వర్తిస్తుంది. పైగా ఆ ఒక్క అబద్ధం బయటపడితే, మనం చెప్పిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు. ఫలితం కనబడకపోయినా పరాయి భాష నేర్చుకుని, ఎండలో, జ్వరాల్లో పనిచేసిన ఆ గురువుల కథకు అలంకారం అక్కరలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా అది గొప్పదే. అన్యమతస్థుడైన రాజు పరదేశి గురువులను గౌరవంగా ఆదరించడం కూడా మనం కృతజ్ఞతతో చెప్పుకోవలసినదే.

యాత్రకు వెళ్లేవారికి

మ్యూజియం సెలవు రోజు ఏదో ముందే కనుక్కోండి. ఉదయమే చేరుకోండి, నీళ్లు తీసుకువెళ్లండి. పైకోట కొండను అక్కడి సిబ్బందిని అడగకుండా ఎక్కవద్దు. గైడు కూలి ముందే మాట్లాడుకుని, చివరిలో బేరం పెట్టకుండా ఇవ్వండి. అతని బతుకుతెరువు అది. గోడల మీద పేర్లు చెక్కడం పాపమే కాదు, నేరం కూడా. రక్షిత కట్టడాలను పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కూలిన గుడిలోకి కూడా మన గుడిలోకి వెళ్లినంత మర్యాదగా వెళ్లాలి.

ఇంటికి వచ్చాక రాత్రి జపమాల ముగించి, పిల్లలతో ఈ మూడు ప్రశ్నలు మాట్లాడండి.

1. ఈ రోజు నీ కంటితో చూసినది ఏమిటి? ఎవరో చెప్పగా విన్నది ఏమిటి?

2. గైడు చెప్పినవాటిలో దేనికి ఆధారం అడగాలనిపించింది?

3. మన ఇంటి పెద్దలు ఎప్పుడు, ఎవరి ద్వారా విశ్వాసం పొందారు? తాతయ్య, అమ్మమ్మ ఉండగానే అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకున్నామా?

ఈ మూడో ప్రశ్నను వాయిదా వేయకండి. చంద్రగిరి గురువులు ఉత్తరాలు రాశారు కనుక నాలుగు వందల ఏళ్ల తరువాత కూడా వారి సాక్ష్యం మనకు అందింది. మన ఇళ్లలోని సాక్ష్యం రాయకుండా పోతే, రేపు మన మనుమలకు మిగిలేది కట్టుకథలే.