పికప్ ట్రక్కుతో వచ్చే టైర్లు – మంచులో, బురదలో ఎంతవరకు నమ్మవచ్చు?



పాఠ్యపుస్తకంలోని భౌతికశాస్త్రం నిత్యజీవితంలో ఎలా పనికొస్తుందో తెలిపే వ్యాసం రాయమని ట్రస్టు పెద్దలు కోరారు. నాకు బాగా తెలిసిన వస్తువు టైరు. నేను హోసూరు ప్రాంతంవాణ్ణి. మెకానికల్ డిప్లొమా చదివాక కెనడాలోని ఆల్బెర్టా రాష్ట్రంలో ఒక నిర్మాణ కంపెనీ వాహనాల షెడ్డులో తొమ్మిదేళ్లు పనిచేశాను. మా షెడ్డులో ఎక్కువగా ఉన్నవి పికప్ ట్రక్కులే. ముందు క్యాబిన్, వెనుక సామాన్లకు తొట్టి. మన ఊళ్లలో బొలెరో పికప్ చూసినవారికి ఆ రూపం తెలుసు. అక్కడివి ఇంకా పెద్దవి, చాలావాటికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటుంది.

బరంపురం నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రవాడు సాయంత్రాలు సామాన్లు చేరవేసే పనికి ఒక పికప్ నడిపేవాడు. బండి కొత్తది, టైర్లు కంపెనీతో వచ్చినవే. డిసెంబరులో ఒక రాత్రి కూడలి దగ్గర బ్రేకు వేస్తే బండి ఆగకుండా జారి గోతిలో పడింది. భుజం ఎముక విరిగింది, ఒక సెమిస్టరు పోయింది. ఆసుపత్రిలో అతను నన్ను అడిగిన మాట ఇది: "అన్నయ్యా, ఫోర్ వీల్ వేసే ఉంచాను కదా, మరి ఎందుకు ఆగలేదు?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం. మన పిల్లలు చాలామంది చలి దేశాలకు వెళ్తున్న ఈ రోజుల్లో ఇది ప్రతి ఇంట్లో తెలియవలసిన విషయం.

1. కంపెనీ ఏ లెక్కతో టైరు బిగిస్తుంది?

బండి తయారుచేసేవారు ఎక్కువమంది కొనుగోలుదారులను దృష్టిలో పెట్టుకుంటారు. వారు ఎక్కువగా నడిపేది తారు రోడ్డు మీద. కాబట్టి ఇంధనం తక్కువ తాగాలి, క్యాబిన్‌లో చప్పుడు ఉండకూడదు, కుదుపు తగ్గాలి, టైరు చాలాకాలం అరగకుండా ఉండాలి, ధర అందుబాటులో ఉండాలి. ఈ ఐదింటికీ సరిపడేది 'ఆల్ సీజన్' టైరు. పేరులో అన్ని కాలాలూ ఉన్నా, అది ఎండకు, వానకు, కొద్దిపాటి మంచుకు మధ్య కుదిర్చిన రాజీ.

అన్ని పికప్‌లకూ ఇదే టైరు వస్తుందని అనుకోరాదు. ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్ వంటి మోడళ్లకు ఫ్యాక్టరీ నుంచే 'ఆల్ టెరైన్' టైర్లు బిగించి ఇస్తారు. అందుకే బండి పేరు చూసి కాక, టైరు చూసి నిర్ణయించాలి.

2. చలి రబ్బరును, గాలిని ఏం చేస్తుంది?

రబ్బరు మెత్తగా ఉంటేనే రోడ్డు మీది సన్నని ఎగుడుదిగుడుల్లోకి దిగి పట్టుకుంటుంది. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గేకొద్దీ ఆల్ సీజన్ రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుంది. మైనస్ 20 డిగ్రీలలో గోటితో నొక్కితే తేడా తెలిసిపోతుంది. శీతాకాలపు టైర్ల రబ్బరు మిశ్రమం వేరు. అది ఆ చలిలో కూడా మెత్తదనం పోగొట్టుకోదు.

ఇక గాలి. పదకొండవ తరగతిలో చదివే గే-లుసాక్ నియమం ప్రకారం ఘనపరిమాణం మారనప్పుడు పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమంగా ఉంటుంది. 25 డిగ్రీల షెడ్డులో 35 పౌండ్లు గాలి కొట్టారనుకోండి. వాతావరణ పీడనం 14.7 కలిపితే మొత్తం 49.7. బండిని మైనస్ 15 డిగ్రీల బయటకు తెస్తే 49.7 × 258 ÷ 298 = సుమారు 43. అందులోంచి 14.7 తీసేస్తే మిగిలేది 28.3 పౌండ్లు. పంచరు లేదు, లీకు లేదు, అయినా దాదాపు 7 పౌండ్లు తగ్గింది. అందుకే చలికాలంలో గాలిని ఉదయం, బండి కదలకముందే చూడాలి.

3. మంచు వేరు, ఐసు వేరు

మన భాషలో రెంటినీ మంచు అనే అంటాం. టైరుకు మాత్రం రెండూ వేరు. ఆకాశం నుంచి రాలిన మంచు టైరు గాడుల్లో దూరి గట్టిపడుతుంది. ఆ మంచు రోడ్డు మీది మంచును పట్టుకుంటుంది. కాబట్టి గాడుల్లో కొంత మంచు నిలవడం మేలే. టైరు దిమ్మెల మీద బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలు ఎన్ని ఉంటే అన్ని అంచులు మంచును కరుస్తాయి. శీతాకాలపు టైరులో ఇవి చాలా ఎక్కువ.

ఐసు మీద సంగతి వేరు. దాని పైన పలుచని నీటి పొర ఏర్పడి నూనెలా పనిచేస్తుంది. అక్కడ లోతైన గాడులు ఒక్కటే సరిపోవు. మెత్తటి రబ్బరు, సన్నని చీలికలు కావాలి.

టైరు అరిగేకొద్దీ ఈ పట్టు పోతుంది. గాడి లోతు 4 మిల్లీమీటర్లకు చేరువైన టైర్లను మంచు రోడ్ల మీద వాడవద్దని కెనడా రవాణా శాఖ సలహా.

4. ఫోర్ వీల్ డ్రైవ్ ఎందుకు ఆపలేదు?

ఫోర్ వీల్ డ్రైవ్ ఇంజను శక్తిని నాలుగు చక్రాలకూ పంచుతుంది. అందువల్ల బండి సులభంగా కదులుతుంది. కానీ బ్రేకులు ప్రతి బండికీ నాలుగు చక్రాల మీదే ఉంటాయి. ఆపే విషయంలో ఫోర్ వీల్ డ్రైవ్ అదనంగా ఇచ్చేది లేదు. పైగా బండి తేలికగా కదిలింది కాబట్టి రోడ్డు బాగానే ఉందని నడిపేవాడికి భ్రమ కలుగుతుంది. అపాయం అక్కడే ఉంది.

లెక్క చూద్దాం. ఆగే దూరం = వేగం × వేగం ÷ (2 × ఘర్షణ గుణకం × 9.8). గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. ఘర్షణ గుణకాలకు ఉదాహరణ విలువలు తీసుకుందాం:

పొడి తారు రోడ్డు (0.7) – సుమారు 20 మీటర్లు
గట్టిపడిన మంచు, పట్టు బాగున్న టైరు (0.3) – సుమారు 47 మీటర్లు
అదే మంచు, పట్టు తగ్గిన టైరు (0.2) – సుమారు 71 మీటర్లు
ఐసు (0.1) – సుమారు 142 మీటర్లు

మూడవ, రెండవ వరుసలకు తేడా 24 మీటర్లు. ఒక కూడలి దాటిపోవడానికి అది చాలు. ఈ సూత్రంలో బండి బరువు ఎక్కడా లేదని గమనించండి. 'పెద్ద బండి కదా, నిలదొక్కుకుంటుంది' అనే మాటకు ఇక్కడ ఆధారం లేదు.

ఖాళీ పికప్‌కు మరో లోపం ఉంది. ఇంజను బరువు ముందు ఉంటుంది, వెనుక తొట్టి ఖాళీ. అందుకే వెనుక చక్రాలు తేలికపడి తిరిగినచోటే తిరుగుతాయి. అక్కడివారు వెనుక ఇరుసుకు పైగా ఇసుక మూటలు వేసి, కదలకుండా కట్టి నడుపుతారు.

5. బురదలో లెక్క తలకిందులు

ఏప్రిల్‌లో మంచు కరిగాక ఆల్బెర్టా మట్టి రోడ్లు జిగురు ముద్దలవుతాయి. బళ్లారి వైపు గానీ, మహారాష్ట్రలో గానీ వానాకాలం నల్లరేగడిలో ఎడ్లబండి దిగబడటం చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. మంచులో గాడి నిండితే మేలు అన్నాం. బురదలో గాడి నిండితే టైరు నున్నటి డ్రమ్ములా మారి జారుతుంది. ఆల్ సీజన్ టైరు గాడులు ఇరుకు కాబట్టి రెండు మూడు చుట్లకే నిండిపోతాయి.

బురద కోసం చేసిన 'మడ్ టెరైన్' టైరుకు దిమ్మెలు పెద్దవి, గాడులు వెడల్పు. చక్రం తిరిగే వేగానికి బురద విదిలించుకు పోతుంది. కానీ ఆ పెద్ద దిమ్మెల మీద సన్నని చీలికలు తక్కువ. అందుకే బురదలో వీరుడైన టైరు ఐసు మీద సాధారణంగా తేలిపోతుంది. ఒకే టైరు మూడు చోట్లా మొదటి మార్కు తెచ్చుకోలేదు.

6. టైరు పక్కగోడ చదవడం నేర్చుకోండి

'ఎం ప్లస్ ఎస్' అంటే మడ్, స్నో. పేరు ఘనంగా ఉన్నా ఇది గాడుల ఆకారాన్ని బట్టి వేసే ముద్ర. దీనికి మంచు మీద పరీక్ష తప్పనిసరి కాదు. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు బొమ్మ ఉంటే మాత్రం గట్టిపడిన మంచు మీద పరీక్ష నెగ్గిన టైరని అర్థం. ఆ పరీక్ష కూడా ముందుకు లాగే పట్టునే కొలుస్తుంది, ఐసు మీద ఆగడాన్ని కొలవదు.

చట్టాలూ ఒకే తీరుగా లేవు. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు శీతాకాలపు టైర్లు తప్పనిసరి, ఎం ప్లస్ ఎస్ ముద్ర ఒక్కటే చాలదు. బ్రిటిష్ కొలంబియాలో శీతాకాలపు నిబంధన ఉన్న రోడ్లపై ఎం ప్లస్ ఎస్ చెల్లుతుంది, గాడి లోతు కనీసం 3.5 మిల్లీమీటర్లు ఉండాలి. ఆల్బెర్టాలో అలాంటి నిర్బంధమే లేదు. చట్టం అడగలేదని రోడ్డు క్షమించదు.

7. విద్యార్థులకు, తల్లిదండ్రులకు

నాలుగు టైర్ల ఖర్చు విద్యార్థికి భారమే. అయినా రెండు మార్చి రెండు వదిలేయవద్దు, నాలుగూ ఒకే రకం ఉండాలి. ఆంటారియోలో శీతాకాలపు టైర్లకు బీమా కంపెనీలు తగ్గింపు ఇవ్వాలనే నియమం 2016 నుంచి ఉంది, అడిగి తీసుకోండి. యజమాని ఇచ్చిన బండి ప్రమాదకరంగా ఉందని తోస్తే ఆ పని నిరాకరించే హక్కు కెనడా చట్టాల్లో ఉంది. కొత్తగా వచ్చినవాళ్లం కదా అని సంకోచించకండి.

తల్లిదండ్రులు ఫోనులో "తిన్నావా, చలిగా ఉందా" అని అడిగేటప్పుడు "బండికి ఏ టైర్లున్నాయి నాయనా" అని కూడా ఒక మాట అడగండి.

ఈ విద్యపై ఆసక్తి ఉన్నవారికి ఐఐటీ ఖరగ్‌పూర్‌లోని రబ్బర్ టెక్నాలజీ సెంటర్, చెన్నై క్రోంపేటలోని ఎంఐటీలో రబ్బరు, ప్లాస్టిక్ టెక్నాలజీ చదువు ఉన్నాయి. రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం రెండూ ఇష్టమైన పిల్లలకు ఇది మంచి దారి.

అభ్యాసం

1. 20 డిగ్రీల వద్ద 40 పౌండ్లు గాలి ఉన్న టైరు మైనస్ 20 డిగ్రీలకు చేరితే ఎంత మిగులుతుంది? (జవాబు: సుమారు 32.5 పౌండ్లు)
2. ఘర్షణ గుణకం 0.2 ఉన్న రోడ్డుపై గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఆగే దూరం ఎంత? (జవాబు: సుమారు 31.5 మీటర్లు)
3. రెండవ లెక్కలో వేగం రెట్టింపైతే దూరం ఎన్ని రెట్లు అవుతుంది? ఎందుకో ఇంట్లో పెద్దలకు మీ మాటల్లో వివరించండి.