సెల్ టవరు తరంగములు – వాని పరిమితి

టవరునకు పొలములో స్థలము నిచ్చు రైతులు ఈ సంగతి నెరుంగవలెను. రేడియో తరంగములు మితిమీరినచో దేహమును వేడెక్కించును. దేహపు బరువున కిలోకు 4 వాట్లు గ్రహింపబడినచో హాని కలుగవచ్చునని యెంచి, ఇక్నిర్ప్ అను అంతర్జాతీయ సంఘమువారు 1998లో ప్రజలకు అందు 50వ వంతునే, అనగా 0.08 వాట్లనే, పరిమితిగా విధించిరి. 2020లోను దానినే నిలిపిరి. 900 మెగాహెర్ట్జ్ తరంగములకు ఇది చదరపు మీటరునకు 4.5 వాట్లగును. భారత ప్రభుత్వము 2012 సెప్టెంబరు 1 నుండి దానిని 0.45కు తగ్గించెను.

దూరము రెట్టింపైన తీవ్రత నాల్గవ వంతగును. తరంగములు ముఖ్యముగా యాంటెన్నాకు ఎదురుగా పోవును. కావున టవరు క్రింద దుక్కి దున్నువానికంటె పైకెక్కి యాంటెన్నా యెదుట నిలుచువానికే అపాయ మెక్కువ. పిల్లలను ఎక్కనీయరాదు. ఒప్పందము వ్రాసికొనునపుడు, పరిమితికి లోబడియున్నట్లు కంపెనీవారు ప్రభుత్వమునకు దాఖలు చేయు ధ్రువపత్రపు నకలును సభ్యులు అడిగి పుచ్చుకొనవలెనని మా సలహా.